నవాసురుడు పారేసిన మొదటి ఒళ్ళు

ధవళపురి రాజ్యంలో ఎవరూ గిన్నెలు తోమేవారు కాదు. నమ్మకం కుదరకపోతే ఆ మాట మళ్ళీ చదువుకోండి. రాజుగారి అంతఃపురం మొదలుకొని బండి తోలేవాడి ఇంటి వరకు, నిన్న వాడిన వస్తువును ఈ రోజు ముట్టేవారు కాదు. తోమిన కంచంలో తిన్నవాడు నలుగురిలో తలెత్తుకు తిరగలేకపోయేవాడు. ఉతికిన చీర కట్టుకున్న ఇల్లాలిని చూసి వీధి వీధంతా నవ్వేది.

ఇదంతా నవాసురుడి చలవ. పదేళ్ళ క్రితం ఆ రాక్షసుడు రత్నాంగద మహారాజు కొలువుకు వచ్చి, "మహారాజా, ప్రతి ఉదయం మీ ప్రజల గుమ్మాల ముందు కొత్త గిన్నెలు, కొత్త బట్టలు, కొత్త చాపలు పెడతాను. నాకు పైసా ఇవ్వక్కరలేదు. నిన్నటి వస్తువు మాత్రం ఇంట్లో ఉంచుకోకూడదు. అంతే!" అన్నాడు. ఊరికే వస్తుంటే వద్దనేదెవరు? పాతవన్నీ బండ్లకెక్కి, కోట వెనకనున్న కొండ అంచు నుంచి లోయలో పడేవి. నగరం అద్దంలా మెరిసేది. పారేసినవి ఎక్కడికి పోతున్నాయని పదేళ్ళలో ఒక్కరైనా అడగలేదు.

ఎక్కడికి పోతున్నాయో అసిరమ్మకు తెలుసు. లోయ దిగువన ఏటి ఒడ్డునున్న తేటనీళ్ళపాడు ఆమె ఊరు. తండ్రి పేరు సన్యాసి. ఆయన ఒకప్పుడు ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి వేసేవాడు, చిల్లులకు మాట్లు వేసేవాడు. బాగు చేయించుకునేవాళ్ళే లేకపోయాక కూలికి పోతున్నాడు. ఊరి పేరుకు కారణమైన ఏరు నల్లగా, జిగటగా తయారైంది. ఆ నీళ్ళు తాగిన పిల్లల గొంతులు ఒక్కొక్కటే మూగబోయాయి. చివరకు అసిరమ్మ చెల్లెలు దాలి వంతు వచ్చింది. నిద్ర లేచిన దగ్గర నుంచి ఒకటే వాగే ఆరేళ్ళ పిల్ల, ఒక ఉదయం నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

అసిరమ్మకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. తండ్రి పనిముట్ల సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికే గుంటా?" అన్నాడు సన్యాసి.

"రాజుగోరి కాడికి. అడగాల్సింది అడిగే వస్తాను అయ్యా," అని బయలుదేరింది.

ఆమె చెప్పింది విని రత్నాంగదుడు కనుబొమలు ముడిచాడు. "ఇంత శుభ్రమైన నగరాన్ని నిందిస్తావా?"

"మీ ఊరు శుభ్రంగా నేదు బాబూ. మీ సెత్తంతా మా ఊల్లో ఉంది. అందుకే మీకు అగుపడ్డం నేదు," అంది అసిరమ్మ.

సభలో కలకలం రేగింది. రాజు ఒక పట్టుచీర, ఒక వెండి గిన్నె తెప్పించి, "ఇవి తీసుకుని నోరు మూసుకుని వెళ్ళు," అన్నాడు.

అసిరమ్మ వాటిని నేల మీద పెట్టింది. "నాకొద్దు. మా సెల్లి గొంతు కావాల."

"అది నవాసురుడి మాయ. అంత ధైర్యం ఉంటే వెళ్ళి వాడినే అడుగు!" అన్నాడు రాజు. సభంతా పగలబడి నవ్వింది.

"అడుగుతాను," అని అసిరమ్మ దండం కూడా పెట్టకుండా వెనుదిరిగింది.

కోట నుంచి లోయలోకి దారి లేదు. ఊరికి తిరిగొచ్చి, ఏటి వెంబడే ఎగువకు మూడు రోజులు నడిచింది. మూడో రోజున అడవిలో ఒక ఎలుగుబంటి చెట్టుకూ పుట్టకూ గుద్దుకుంటూ ఎదురొచ్చింది. దాని తల ఒక రాగి బిందెలో ఇరుక్కుపోయి ఉంది. అడుగున అంటుకున్న పాయసం కోసం తల దూర్చిందట, పాపం! అసిరమ్మ పటకారుతో బిందె మూతిని నాలుగు వైపులా వంచి, కాళ్ళు తన్నిపెట్టి లాగింది.

"బతికించావు తల్లీ! ఆ పాడు బిందెను ముక్కలు చేస్తాను," అని రొప్పింది ఎలుగు.

"ఆగాగు! మూతి సరి సేస్తే ఇంకా పదేళ్ళు పనికొస్తాది," అని అసిరమ్మ బిందెను చంకన పెట్టుకుంది. ఎలుగు వింతగా చూసింది. ఆ తరువాత ఆమె ఎక్కడికి పోతోందో విని, వీపు మీద ఎక్కించుకుని, నగరం చెత్తంతా పడే నవాసురుడి లోయకు తీసుకుపోయింది.

లోయంటే మరి లోయ కాదది. విరగని కుర్చీలు, చిరగని చీరలు, పగలని కుండలు ఆకాశం దాకా గుట్టలు పడి ఉన్నాయి. ఆ గుట్టలో నుంచి ఒక తెల్లని గడ్డం, దాని పైన రెండు కళ్ళు మాత్రం బయటికి కనిపించాయి. తపస్సుకు కూర్చున్న ముని ఆయన. కళ్ళు తెరిచేసరికి మెడ దాకా చెత్త పేరుకుపోయింది.

అసిరమ్మ, ఎలుగు కలిసి ఆయనను పైకి లాగారు. "నవాసురుడిని చంపాలని కత్తులతో ముప్పై మంది వీరులొచ్చారమ్మా," అన్నాడు ముని ఒళ్ళు దులుపుకుంటూ. "వాడిది రాగి ఒళ్ళు. దెబ్బ తగలగానే పాము కుబుసం విడిచినట్టు దాన్ని విడిచేసి, కొత్త ఒంట్లో దూరతాడు."

"మరి ఆడి పేనం ఎక్కడుంది స్వామీ? సిలకలోనా?"

ముని పకపకా నవ్వాడు. "చిలకలో దాచే ఓపిక వాడికెక్కడిది? వాడు దేన్నీ దాచుకోడు, పారేస్తాడు. వాడి మొట్టమొదటి ఒళ్ళు ఈ గుట్ట అడుగున ఉంది. గుండె దగ్గర కందిగింజంత చిల్లు పడితే, బాగు చేసుకోవడానికి బద్ధకించి విసిరేశాడు. ఆ చిల్లు పూడ్చావా, వాడి ప్రాణం దానంతటదే సొంత ఇంటికి వస్తుంది."

ఏడు రోజులు తవ్వారు. అసిరమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి, బొబ్బలు పగిలాయి. ఎనిమిదో రోజు పొద్దున అడుగున పచ్చగా చిలుము పట్టిన రాగి ఒళ్ళు బయటపడింది. ఆమె గబగబా పొయ్యి రాజేసి, సంచిలోని కొలిమి తిత్తి తీసి ఊదడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే లోయ అదిరింది. ధగధగలాడే కొత్త ఒంటితో నవాసురుడు ఎదురుగా నిలిచాడు.

"ఏం కావాలి పిల్లా? కొత్త ఇల్లా? కొత్త ఊరా?"

"మా సెల్లి గొంతు," అంది ఆమె, చిలుము గీకుతూనే.

"మూగ చెల్లెలెందుకు? దాన్ని పారెయ్. ఇదిగో, కొత్తది!" అని రాక్షసుడు చిటికె వేశాడు.

ఎదురుగా దాలి నిలబడింది. అవే కళ్ళు, అదే సొట్టబుగ్గ. "అప్పా!" అని అక్కను తియ్యగా పిలిచింది. అసిరమ్మ గీకడం ఆపింది. ఇన్నాళ్ళుగా ఆ పిలుపు కోసమే కదా ఆమె చెవులు కాచుకుని ఉన్నాయి! కానీ ఇంటి దగ్గర గాలి మింగుతూ, చేతులతో సైగలు చేస్తూ కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. కళ్ళ నీళ్ళు కారుతుండగానే ఆమె కోపం కట్టలు తెంచుకుంది.

"తోడబుట్టినదాన్ని మార్సుకుంటారేటిరా? నువ్వు నీ ఒల్లే ఉంచుకోలేనోడివి! నీకేటి తెల్సు?"

ఆ మాటకు బొమ్మ దాలి పొగలా తేలిపోయింది. రాక్షసుడు మీదికి ఉరికాడు. ఎలుగు అడ్డుపడి ఒక్కటిచ్చింది. రాగి ఒళ్ళు సొట్టపోయింది. వాడు దాన్ని విడిచి కొత్తది తొడుక్కున్నాడు. ఎలుగు మళ్ళీ కొట్టింది, వాడు మళ్ళీ మార్చాడు. ఇలా పన్నెండు ఒళ్ళు పడేలోగా అసిరమ్మ అతుకు పట్టేందుకు నవసారం చల్లి, తగరం కరిగించి, కందిగింజంత చిల్లు మీద మాటు వేసి సమ్మెటతో ఒక్క దెబ్బ కొట్టింది. పదమూడో ఒళ్ళు ఖాళీ డొల్లలా దబ్బున కూలింది. పాత ఒంట్లో కదలిక వచ్చింది. అందులో నుంచి వంగిన నడుముతో, ఎలుగు మోకాలంత పొట్టివాడు లేచి కూర్చున్నాడు.

"మా సెల్లికి మాటొచ్చిందా?" అని అసిరమ్మ అతని జుట్టు పట్టుకుంది.

పొట్టివాడు ఇకిలించాడు. "ఎలా వస్తుంది? నేను ఇచ్చాను, అంతే. ఏట్లో పోసింది నేనా? నా గిడ్డంగుల్లో ఇంకా పదేళ్ళకు సరిపడా కొత్త సరుకుంది. వాళ్ళు పారేస్తూనే ఉంటారు."

తల ఎత్తి చూస్తే నిజమే. కొండ అంచు మీది నుంచి ఆ రోజు బండ్లు కుమ్మరిస్తూనే ఉన్నాయి. రాక్షసుడు ఓడిపోయినా ఏరు నల్లగానే పారుతోంది. అసిరమ్మ అక్కడే కూలబడి కాసేపు గట్టిగా ఏడ్చింది. ఆపైన ముక్కు చీదుకుని లేచింది.

ఎలుగు వీపెక్కి ఊరికి పోయింది. వారం తరువాత ఒక ఉదయం చెత్త బండ్లు వచ్చేసరికి కొండ అంచున ఆమె అడ్డంగా కూర్చుని ఉంది. పక్కన దాలి, వారి వెనుక తేటనీళ్ళపాడు మూగపిల్లలు నలభై మంది. బండ్లు ఆగిపోయాయి. కబురందుకుని రాజు పరుగున వచ్చాడు, వెనకే మహారాణి పల్లకీ వచ్చింది.

"తొలగండి!"

"తొలగం బాబూ. ఇన్నేల్లు మా నెత్తిన పోసినారు కదా, ఇయ్యాల కల్లెదుటే పొయ్యండి!"

బండివాళ్ళలో ఒక్కడూ కదలలేదు. మహారాణి పల్లకీ దిగి దాలి దగ్గర కూర్చుని, "నీ పేరేమిటమ్మా?" అని అడిగింది. దాలి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి, శబ్దం మాత్రం రాలేదు. రాణి ఆ పిల్ల చెంప నిమిరింది. మెల్లగా లేచి, ముందున్న బండిలో నుంచి తను నిన్న తిన్న వెండి గిన్నెను ఏరుకుంది.

"అసిరమ్మా, దీన్ని తోమడం నాకు నేర్పుతావా?"

మహారాణి గిన్నె తోమాక నవ్వడానికి ఎవరికి నోరొస్తుంది? మధ్యాహ్నానికి బండ్లన్నీ వెనక్కి మళ్ళాయి. రాజు సిగ్గుతో తల దించుకుని, "రాక్షసుణ్ణి గెలిచిన నీకు సగం రాజ్యం ఇస్తాను," అన్నాడు.

"ఏ సగం బాబూ? పారేసే సగమా, పడే సగమా?" అంది అసిరమ్మ. "నాకు రాజ్యమొద్దు. ఏరు తేటబడీదాకా మీ కొలువు మా ఊరి ఒడ్డునే ఉండాల. మా పిల్లలకి కొండ ఊట నుంచి మీ భటులే కావిళ్ళు మొయ్యాల. తేటబడినాక తొలి దోసిలి మీరే తాగాల."

రాజు మొహం చిట్లించాడు. కానీ ఒప్పుకోక తప్పలేదు.

ఆ కంపులో కూర్చుని కొలువు చేయడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి! అందుకేనేమో, గుట్టలు ఎత్తే పని చకచకా సాగింది. సన్యాసి పొయ్యి ముందు గిన్నెలు బారులు తీరాయి. పొట్టివాడు అతనికి తిత్తి ఊదే పనిలో కుదిరాడు. మూడో వానకాలం పోయాక ఏటి అడుగున గులకరాళ్ళు కనిపించాయి. రాజు కళ్ళు మూసుకుని తొలి దోసిలి తాగాడు. గొంతు సవరించుకుంటే బాగానే పలికింది. తరువాత దాలి తాగింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు, ఆ పిల్ల నోట ఒక్క మాట రాలేదు.

అంతలో రాజుగారి విసనకర్ర పిడి ఊడింది. ఆలోచనలో ఉన్న రాజు పాత అలవాటు కొద్దీ దాన్ని గిరాటేశాడు. అది వెళ్ళి ఏట్లో పడింది.

"ఏయ్! ఎవుడ్రా అది? తియ్యి!"

కొలువంతా ఉలిక్కిపడింది. నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది దాలి! మహారాజు పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. అసిరమ్మ చెల్లెల్ని ఎత్తుకుని నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఆ నీళ్ళు తాగిన మిగతా పిల్లల గొంతులూ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రాజు తెచ్చిన విసనకర్రకు ఆ సాయంత్రమే సన్యాసి కొత్త పిడి బిగించాడు, ధవళపురి రాజులు తరతరాల పాటు దానితోనే విసురుకున్నారు.