ప్లేటు అడుగున

పరుగు!

ల్యాబ్ టెక్నీషియన్ రెండేసి మెట్లు ఎక్కుతోంది. గుండెకు అదుముకున్న ట్రేలో బ్యాక్టీరియా పెంచిన రెండు మూతల గాజు ప్లేట్లు.

పై అంతస్తులో పెద్ద డాక్టర్ గది, బయట సెక్యూరిటీ గార్డు. ఇంకొక్క మలుపు...

మలుపులో బావ!

అక్క మొగుడు. ఆసుపత్రి మందుల స్టోరంతా ఆయన చేతిలోనే.

“ఇలా తే.”

జడ పట్టుకుని వాష్‌రూమ్‌లోకి లాగుతాడు. గడియ పడుతుంది.

“నీ కొత్త స్టాకులో మందే లేదు బావా. బ్యాక్టీరియా చుట్టూ గోడ కట్టుకోకుండా ఆపాల్సిన ఇంజెక్షన్ అది. గోడ లేకపోతే పగిలి చస్తుంది. పాత స్టాకు వేసిన ప్లేటు చూడు, మందు చుట్టూ శుభ్రంగా ఖాళీ. నీ కొత్తది వేసిన ప్లేటులో బ్యాక్టీరియా నిక్షేపంగా పెరిగింది. ఐసీయూలో ఇద్దరు పోయారు.”

“తెలుసు.”

ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

“తెలిసే ఎక్కించావా? అక్క కూడా అక్కడే ఉందిగా?”

“మీ అక్కకి వేస్తున్నది అసలు మందే. నా బీరువాలోది. సాయంత్రం డోసు అందాలా, వద్దా... అది నీ నోటిని బట్టి ఉంటుంది.”

ఐసీయూలో అక్క... మూడు రోజులుగా కాలిపోతున్న ఒళ్ళు.

బావ మూతల మీది చీటీలు చదువుతాడు. ‘కొత్త స్టాక్’ ప్లేటు సింకులో భళ్ళుమంటుంది! మిగిలిన ప్లేటు మూత తీసి పారేసి, దీని మూత దానికి పెడతాడు.

ఆమె చూస్తుంది.

“పద. అక్కడ నోరు మెదిపావో, మీ అక్కని మర్చిపో.”

పెద్ద డాక్టర్ గది.

“కొత్త స్టాక్ బ్రహ్మాండంగా ఉంది మేడమ్. మా మరదలే టెస్ట్ చేసింది.” బావ పళ్ళన్నీ బయటపెడతాడు.

“అంతేనా అమ్మాయ్?”

ఆమె తల దించుకుంటుంది.

మేడమ్ ప్లేటు అందుకుంటుంది. చీటీ వైపు చూడనైనా చూడదు. ల్యాబ్‌లో పనిచేసినవాళ్ళెవరూ చూడరు. చీటీ ట్రే మోసేవాళ్ళ కోసం. మూతలు మారిపోతుంటాయి కాబట్టి అసలు పేరు ప్లేటు అడుగునే రాస్తారు.

స్టోరు దాటని బావకి ఆ సంగతి ఏం తెలుసు?

మేడమ్ ప్లేటు తిరగేస్తుంది.

“పాత స్టాక్... దీనికి కొత్త స్టాక్ మూత పెట్టిందెవరు?”

బావ ఒక్క దూకులో తలుపు దగ్గరికి!

తలుపుకి అడ్డంగా సెక్యూరిటీ గార్డు.

“స్టోరు తాళాలు బల్ల మీద పెట్టు” అంటుంది మేడమ్.

గుత్తి బల్ల మీద పడుతుంది. అందరికంటే ముందు టెక్నీషియన్ దాన్ని అందుకుంటుంది. బీరువా తాళం చెవి వేళ్ళకి తగులుతుంది.

“నేను నోరు మెదపలేదు బావా.”