ఆనవాలు పొయ్యి

చంద్రవాడలో తెల్లవారడమంటే సూర్యుడు రావడం కాదు. వీధి పైకప్పుకి ఉన్న దీపాలు పసుపురంగుకి తిరగడం, ఆ వెంటనే ఇంటింటా గాలిపొయ్యిలు బుస్సుమనడం. చంద్రుడి మీద ఒక్క రాత్రి పద్నాలుగు రోజులుంటుందాయె. సూర్యుడొచ్చాక తిందామని కూర్చుంటే ఇక టిఫిను తిన్నట్టే.

గాలిపొయ్యి అంటే మంటా లేదు, మూకుడూ లేదు. సొరుగు లాంటి పెట్టె. గడ్డకట్టిన పునుగులో, బోండాలో అందులో పోసి మూస్తే, లోపల వేడిగాలి సుడి తిరిగి, టీ మరిగేలోగా ఎర్రగా వేపి ఇస్తుంది. నూనె మూకుడు పెట్టడం ఆ ఊళ్లో నేరం. ఊరంతా ఒకే గాలి పీల్చుకునే చోట ఒకింట్లో నూనె పొగ లేస్తే పది వీధుల వాళ్లు దగ్గుతారు మరి. అందుకని టిఫిన్లన్నీ భూమ్మీదే వేగి, గడ్డకట్టి, రాకెట్టెక్కి వస్తాయి. అందరూ వాటికి అలవాటు పడ్డారు. అప్పలనరసయ్య కూడా పడ్డాడు, భార్య పైడమ్మ ఉన్నన్నాళ్లూ. ఆవిడ పోయాక ఆయన పొద్దున పూట తినడమే మానేశాడు. మధ్యాహ్నం కూడా ఏదో కోడలు బాధపడుతుందని రెండు ముద్దలు, అంతే.

కోడలి పేరు యశోద. ఊరి ఆహార ప్రయోగశాలలో పెద్ద ఇంజినీరు. భర్త గనుల దగ్గర పనిచేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు కాబట్టి, మామగారి బాగోగులన్నీ ఆ అమ్మాయే చూస్తుంది. ఆయన చొక్కా నెలనెలా వదులవడం చూసి చూసి, ఆ దిగులులోంచే ఆమె ఒక కొత్త యంత్రం తయారు చేసింది. ఆనవాలు పొయ్యి అని పేరు పెట్టింది. గాలిపొయ్యికి తమ్ముడే గాని, దీనికి కళ్లున్నాయి, మాట్లాడే గొంతూ ఉంది. వండిన వస్తువు ఒక్కటి లోపల పెడితే పొరపొరా కాంతి పంపి చూస్తుంది. పప్పు ఎంతసేపు నానింది, పిండి ఎంత మెత్తగా రుబ్బారు, మధ్యలో చిల్లు ఏ వేలితో పెట్టారు, మూకుట్లో ఎన్నిసార్లు తిరగేశారు, అన్నీ చదువుకుంటుంది. చదివాక ఊళ్లో పండిన మినప్పిండితో, తుంపరంత నూనెతో, అచ్చం అలాంటివే చేసిపెడుతుంది. కాకపోతే చదివినంతలో ఆ అసలుది పొడైపోతుంది. ఆ ఒక్క చిక్కూ ఆమె తప్పించలేకపోయింది.

పైడమ్మ చేత్తో చేసినది ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క గారె.

"ఏటమ్మా, ఉన్న ఒక్కటీ పొడి సేసేత్తావా?" అన్నాడు అప్పలనరసయ్య, గారె దాచిన డబ్బాని ఒళ్లోంచి దించకుండా.

"అలాంటివి రోజూ చేసిపెట్టడానికే మామయ్యా."

"ఇది ఆంజనేయసామి మెళ్లో పడ్డ గారె. తీసికెళ్లి మిషను నోట్లో ఎయ్యమంటావు."

"మీ నోట్లో పడాలనే నా ఏడుపంతా. వచ్చే తూకంలో కూడా బరువు తగ్గితే డాక్టరు గారు మిమ్మల్ని భూమికి పంపించేస్తారు. అప్పుడు అత్తయ్య బంతిమొక్కకి నీళ్లెవరు పోస్తారు?"

పైడమ్మ పోయాక ఆవిడ బూడిద కలిపింది ఆ బంతిమొక్క మట్టిలోనే. రోజూ దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆయన ఆవిడతో లోకాభిరామాయణం మాట్లాడి వస్తాడు. మొక్క మాట వినేసరికి ఆయన మెత్తబడ్డాడు. డబ్బా కోడలి చేతిలో పెట్టి, మొహం గోడకేసి తిప్పుకున్నాడు.

ఆ గారె సంగతి చెప్పాలి. అనకాపల్లి వదిలి చంద్రవాడకి బయల్దేరే ముందు పైడమ్మ ఆంజనేయస్వామికి గారెల దండ మొక్కుకుంది. అప్పటికే ఆవిడకి మతిమరుపు మొదలైంది. పాలు పొయ్యి మీద మరిచిపోయేది, యశోదని తన చెల్లెలి పేరుతో పిలిచేది. అయినా దండ తన చేత్తోనే కావాలని పట్టుబట్టి, ఇంట్లో వాళ్లని పొయ్యి దగ్గరికి రానీయకుండా చేసింది. దేవుడి మెళ్లో వేశాక ప్రసాదం వీధంతా పంచి, ఒక్క గారె మాత్రం ప్రయాణానికి రక్షగా గడ్డకట్టించి తెచ్చుకుంది.

యశోద ఆ గారెని లోపల పెట్టి మూసిన కాసేపటికి, ఆనవాలు పొయ్యి కీచుమని ఆగి సొరుగు తెరిచింది. ఎర్రటి గారెలు, మధ్యలో చిల్లు కాస్త పక్కకి జరిగి, సరిగ్గా పైడమ్మ వేలు పెట్టినట్టే. అప్పలనరసయ్య ఒకటి తీసి వాసన చూశాడు. కళ్లు చెమర్చాయి. కొరికాడు. నమలడం ఆపేశాడు.

"ఇది మీ అత్తది కాదమ్మా. సంద్రంలో ముంచి తీసినట్టుంది."

యశోద తుంచి నోట్లో వేసుకుంది. నిజమే, ఉప్పు కషాయం. ఉన్న ఒక్క గారే పొడైపోయింది, వచ్చినవి ఇలా వచ్చాయి.

"ఎక్కడ తప్పు చదివావు?" అంది పొయ్యిని.

"తప్పు చదవలేదండి," అంది పొయ్యి, నెమ్మదైన గొంతుతో. "ఆ గారెలో ఎంత ఉందో అంతే వేశాను. ఉప్పు మూడుసార్లు పడిందండి. మొదటిది నీళ్లలో కరిగించి చిలకరించారు, పిండంతా సమంగా ఉంది. రెండోది మెత్తటి ఉప్పు, గబగబా కలిపినట్టు చారలుగా ఉంది. మూడోది కల్లుప్పు. అది కరగనే లేదు. నూనెలో వేసే ముందు పైన జల్లారు."

నీళ్లలో కరిగించి చిలకరించేది పైడమ్మే, అది ఆవిడ అలవాటు. మెత్తటి ఉప్పు ఎవరిదో యశోదకి తెలుసు.

"అత్తయ్య అరిటాకు కోసం పెరట్లోకి వెళ్లినప్పుడు నేను వేశాను మామయ్యా. మరిచిపోయుంటారని. మరి కల్లుప్పు..."

అప్పలనరసయ్య పైకప్పు దీపాలకేసి చూశాడు.

"నువ్వు పూలకెళ్లావు, మీ అత్త నూనె సీసాకి లోపలికెళ్లింది కదా. అది మొక్కుకున్న దండ సప్పబడిపోతే మల్లీ బాధపడతాదని, నానే ఒక గుప్పెడు..."

"గుప్పెడా?"

"సిటికెడేలే. కూసింత పెద్ద సిటికెడు."

యశోదకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దేవుడికి పెట్టకముందు పిండి నాలిక మీద వేసుకోకూడదు కాబట్టి ముందు ఎవరూ రుచి చూడలేదు. ప్రసాదానికి వంక పెట్టకూడదు కాబట్టి తర్వాత ఎవరూ నోరెత్తలేదు. వీధి వీధంతా కళ్లకద్దుకుని తిని, గమ్మున మంచినీళ్లు తాగి ఊరుకుంది. తర్వాత ఏళ్లు గడిచే కొద్దీ అందరి జ్ఞాపకంలో ఆ గారెల్లోంచి ఉప్పు దానంతటదే తగ్గిపోయింది.

"అంటే," అన్నాడు ఆయన, "ఆ రోజు అది మరిసిపోనేదన్నమాట."

"లేదు మామయ్యా. అత్తయ్య వేశారు. సరిగ్గానే వేశారు."

"అదనంగా పడిన రెండూ తీసెయ్యమంటారా తాతగారూ?" అంది పొయ్యి. "పైడమ్మగారి చెయ్యి ఒక్కటే మిగులుతుంది."

ఆయన ఊ అనగానే చేసి ఇచ్చింది. కరకరలాడుతూ, లోపల దూదిలా, ఉప్పు కుదురుగా. ఆయన కళ్లు మూసుకుని మొత్తం తిన్నాడు. ఏడాదిలో మొదటిసారి పొద్దున పూట ఆయన వేళ్లకి జిడ్డంటింది. యశోద ఊపిరి పీల్చుకుంది.

"ఇదేనమ్మా దాని సెయ్యి," అన్నాడు. "బాగుంది. ఇంకోటి ముందుదే పెట్టమను."

"ఆ ఉప్పుదా? ఎందుకు మామయ్యా?"

"ఇందులో అదొక్కత్తే ఉందమ్మా. అందులో మనం ముగ్గురం ఉన్నాం."

ఆ తర్వాత ఆనవాలు పొయ్యి ఊరంతా వెళ్లింది. జనం దాచుకున్న డబ్బాలు పట్టుకొచ్చారు, తిన్నారు, తినీ తినగానే పొయ్యి తప్పు చేసిందని యశోద మీద పడ్డారు. మా అమ్మ పునుగు ఇంత గట్టిగా ఉండేది కాదని ఒకరంటే, మా నాన్న బజ్జీ ఇలా మాడేది కాదని ఇంకొకరు. చెప్పి చెప్పి విసిగి, ఆమె పొయ్యికి ఒక మీట పెట్టింది. ఒక పక్కకి తిప్పితే ఉన్నది ఉన్నట్టు, ఇంకో పక్కకి తిప్పితే తినేవాళ్లకి గుర్తున్నట్టు. ఊళ్లో అందరూ దాన్ని రెండో పక్కకి తిప్పి వదిలేశారు.

అప్పలనరసయ్య ఇంట్లో మాత్రం వారానికోసారి, కొడుకు ఇంటికొచ్చే పొద్దున, ఆ మీట మొదటి పక్కకి తిరుగుతుంది. అంత ఉప్పు గారె వారానికి ఒక్కటే అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని తలా ఒక్కటే. పొయ్యి సొరుగు తెరవకముందే ఆయన చెంబు నిండా మంచినీళ్లు తెచ్చి, బల్ల మీద అందరికీ అందేలా పెడతాడు.