ఏడు మేకుల గడప

పాతదాన్ని కొత్తగా చెయ్యమంటే చేస్తాం. ముప్పై ఏళ్ళుగా మా పని అదే. కొత్తగా రంగేసి, మళ్ళీ దాన్నే గీకి పాతగా చెయ్యమంటే మాత్రం... ఏం చెప్పను, నా నడుం ఒప్పుకోలేదు.

విజయనగరంలో షీబా మేడమ్ ఇల్లది. "ఫ్రెంచి వాళ్ళ పద్ధతి ఆంటీ, షాబీ షిక్ అంటారు" అని ఫోన్లో బొమ్మలు చూపించింది. బీరువాలు, కుర్చీలు, అద్దాలు, అన్నీ వెలిసిపోయిన తెలుపు. అంచుల్లో రంగు లేచిపోయి లోపలి చెక్క కనబడాలట. అలాంటి సామాను మా ఇంట్లో బోలెడుంది, ఏ మహాతల్లీ వచ్చి ఫోటో తియ్యలేదు.

నా మొగుడు లక్ష్ముడు రంగేస్తాడు. నేను గరుకు కాగితంతో, అదే ఎమిరీ కాగితంతో, గీకుతాను. రోజూ ఆమదాలవలసలో రైలెక్కి వెళ్ళేవాళ్ళం. ఆ దుమ్ముకి ఆయనకి దగ్గు పట్టుకుంది. ఇదే ఆఖరి పని, ఇంక మానేద్దాం అనుకున్నాం. మాకు పిల్లల్లేరు. నాకున్నది ఆయనొక్కడే. నన్ను "పద్దీ" అని పిలిచేదీ ఆయనొక్కడే. మిగతా అందరికీ పద్మకుమారినే.

చివరి రోజుకి ఒక పాత గుమ్మం మిగిలింది. నౌపడ ఉప్పు మడుల దగ్గర ఏదో ఇల్లు పడగొడుతుంటే, కింద గడపతో సహా చట్రం మొత్తం కొనుక్కొచ్చారు. దానికి తెల్లరంగేసి, గీకి, మధ్యలో అద్దం బిగించి హాల్లో అలంకారంగా పెడతారట. అప్పటికి దాన్ని గోడకి చేర్చి నిలబెట్టి ఉంచారు. వెనక ఒట్టి గోడే.

గడప మీద వరసగా ఏడు ఇనప మేకులున్నాయి. గీకినప్పుడల్లా వాటికి తగిలి కాగితం చిరిగిపోతోంది. విసుగొచ్చి సుత్తి తీశాను.

"ఒగ్గీయే పద్దీ," అన్నాడు లక్ష్ముడు. "ఎవులూ ఊరికే కొట్టరు."

ఊరికే కొట్టరని నాకూ తెలుసు. మా మామ్మ కూర్మమ్మ ఇంటి గడపకీ ఉండేవి. ఎవరైనా అర్ధాంతరంగా పోతే, మళ్ళీ ఇంటిదారి పట్టకుండా గడపలో ఇనుము దిగ్గొడతారు. తెలిసే పీకాను. చేతులు పడిపోతున్నాయి, సాయంత్రం బండి అందుకోవాలి, ఇంటికెళ్ళి పడుకోవాలి... నా బుర్రలో అదొక్కటే ఉంది.

"సెక్కకేటి తెలుస్తాది?" అని, ఏడూ పాలడబ్బాలో పడేశాను.

కాసేపటికి ముసురు పట్టి హాల్లో వెలుతురు తగ్గింది. రంగు వాసనలో ఇంకో వాసన కలిసింది. ఉప్పు మడుల్లో బురద వాసన. కిటికీలోంచి వస్తోందేమో అనుకున్నాను. విజయనగరంలో ఉప్పు మడులెక్కడివి?

తర్వాత చప్పుడు. ఎవరో చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్నారు. ఆగి... మళ్ళీ... బయటినుంచి వచ్చినవాళ్ళు ఇంట్లోకి వచ్చేముందు కడుక్కుంటారే, అలాగ. లక్ష్ముడు ఆ గుమ్మానికి వీపు పెట్టి, పీట మీద కూర్చుని, పని తొందరగా తెమలాలని తనూ ఒక కాగితం పట్టి కుర్చీ కాలు గీకుతున్నాడు.

"ఇంట్లో ఎవులున్నారు?"

మగ గొంతు. బాగా అలిసిపోయిన గొంతు. మా వైపు గుమ్మంలో ఎవరైనా అలా పిలిస్తే, చేతిలో పని ఆపకుండానే మా నోట్లోంచి ఒకే మాట వస్తుంది. ఎవరన్నది తరవాత చూస్తాం.

"ఉన్నాం. రా బావ, లోపలికి రా," అన్నాడు లక్ష్ముడు.

నేను వీధి తలుపు వైపు చూశాను. గడియ వేసే ఉంది.

గొంతు గోడ వైపునించి వచ్చింది.

నేలమీద తడి అడుగు. గడపకి ఇవతల. ఇంకొకటి... ఇంకొకటి... పీట వైపు. కరెంటు పోయింది. చీకట్లో "పద్దీ!" అని ఒక్క కేక. సగంలో తెగిపోయింది.

ఓలమ్మా... తడుముకుని ఫోన్ లైటు వెలిగించాను. లక్ష్ముడు పీట మీదే ఉన్నాడు. కాళ్ళు చీలమండల దాకా తడి.

"ఏటయ్యింది? సెప్పు!" అన్నాను.

"సానా దూరం నడిచినాను," అన్నాడు.

రైల్లో దారంతా ఒక్క దగ్గూ లేదు. మా ఇంటి ముందు ఆగి, కాళ్ళు కడుక్కుని, గడప బయటే నిలబడ్డాడు. "ఇంట్లో ఎవులున్నారు?" అన్నాడు.

సొంత ఇంటి ముందు నిలబడి అలా ఎవరడుగుతారు? నేను రమ్మనలేదు. ఆ రాత్రి అరుగు మీదే పడుకున్నాడు.

ఇది జరిగి పదిహేను రోజులు. రోజూ దీపాల వేళకి అదే ప్రశ్న. నేను పలకను. పొద్దున్న అరుగు మీద తడి ఆరిన చోట తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. ఊడుస్తాను. ఈ పదిహేను రోజుల్లో ఒక్కసారి కూడా నన్ను పేరుతో పిలవలేదు.

ఇవాళ దీపాల వేళకి, అరుగు మీద కూర్చున్నవాడు ఇంకా అడగకముందే, షీబా మేడమ్ ఫోన్ చేసింది.

"ఆంటీ, గుమ్మం చాలా బాగుంది. కానీ రోజూ ఈ వేళకి గోడ లోపల గీకుతున్న చప్పుడు... ఎలకలనుకున్నాం. దగ్గు కూడా వినిపిస్తోంది ఆంటీ."

"ఆ పాలడబ్బా ఏదమ్మా?"

"పాత మేకులు కదా, అందంగా ఉన్నాయని వడ్రంగితో మళ్ళీ అవే కన్నాల్లో కొట్టించేశాను."

"పీకీయమ్మా! నీకు పుణ్యముంటాది, బేగి పీకీ!"

ఏమనుకుందో ఏమో, పాపం, సుత్తి తెచ్చి పీకింది. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఏడు. ఫోన్ గడప దగ్గర పెట్టమన్నాను.

గర్... గర్... ఎమిరీ కాగితం. తర్వాత ఆ దగ్గు. ముప్పై ఏళ్ళు నా పక్కన పడుకున్న మనిషి దగ్గు నాకు తెలీదా?

"పద్దీ... సానా అలిసిపోయినానే... రమ్మని ఒక్క మాట అనవే..."

ఏడుపు ఆగలేదు. "రా!" అని గట్టిగా అరిచాను. "రా, లోపలికి రా!"

ఫోన్లో గీకుడు ఆగింది.

నా వెనక, మా గడప మీద, తడికాలు పడిన చప్పుడు.

"వస్తన్నాను, పద్దీ."