డెలోరిస్ అని పిలిస్తే

చరిత్ర శాఖలో కాఫీ ఎప్పుడూ మాడు వాసనే వేస్తుంది. పొద్దున పెట్టిన గాజు కూజాను మధ్యాహ్నం దాకా వేడి పళ్ళెం మీద నుంచి దించే నాథుడు ఉండడు. ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం మార్వా టిల్మన్ ఆ కాఫీనే కప్పులోకి వంచుకుంటోంది. కిటికీ బయట మంచు పడుతోంది. విస్కాన్సిన్‌లో ఫిబ్రవరిలో మంచు పడకపోతేనే వింత.

"డెలోరిస్, కొత్త కమిటీలో నీ పేరు కూడా వేశాను. అన్ని రంగులవాళ్ళూ ఉంటే బావుంటుంది కదా! రేపు వస్తావుగా?" అన్నాడు వెనక నుంచి గ్రెగ్ హాల్వర్సన్. ఆయన శాఖకు పెద్ద. మంచివాడు. ఎవరింట్లో కుక్క పోయినా సంతాపం కార్డు పంపేంత మంచివాడు.

ఆమె పేరు డెలోరిస్ కాదు. ఆ మాట ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది. మొదట్లో నవ్వుతూ చెప్పేది, తర్వాత నవ్వకుండా చెప్పేది. శాఖ మొత్తానికి నల్లజాతి మనిషి ఆమె ఒక్కతే కాబట్టి, పొరబడటానికి పక్కన ఇంకొకరు కూడా లేరు. అయినా హాల్వర్సన్ అలాగే పిలిచేవాడు, ఆఫీసు గుమాస్తా అలాగే పిలిచేది. ఈ విశ్వవిద్యాలయంలో ఎక్కడో ఇంకో నల్లావిడ ఉండి ఉంటుంది, పాపం ఆమెను నా పేరుతో పిలుస్తుంటారు కాబోలు, అని సరిపెట్టుకునేది మార్వా.

వచ్చే గురువారం ఆమె ఉద్యోగం శాశ్వతం చెయ్యాలా వద్దా అని పెద్ద ప్రొఫెసర్లు ఓటేస్తారు. వద్దంటే ఇంకొక్క ఏడాది అక్కడే పాఠాలు చెప్పి, అందరూ చూపులు తిప్పుకుంటూ ఉండగా సామాను సర్దుకుని పోవాలి. ఆ ఓటు గురించే పోయిన ఏడు హాల్వర్సన్ గదిలోకి పిలిచి మంచిమాటలు చెప్పాడు. "నీ పుస్తకం అందరికీ నచ్చింది. కాకపోతే ప్రతి చిన్నదానికీ నొచ్చుకుంటావని కొందరంటున్నారు. ఆ పేరు గొడవా అదీ... పోనిద్దూ," అన్నాడు.

ఈ రోజు పోనిచ్చింది. కప్పు పట్టుకుని వెనక్కి తిరిగి, "ఆఁ, వస్తాను," అంది.

ఆ పిలుపుకు ఆమె పలకడం అదే మొదటిసారి. ఏదో అవుతుందనుకుంది గాని బాధ కూడా కలగలేదు. చలికి తిమ్మిరెక్కిన వేలిని గిల్లినట్టుంది, అంతే. కాఫీ తాగి పాఠం చెప్పడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం రసాయన శాస్త్రంలో పనిచేసే, లాటిన్ అమెరికా మూలాలున్న ఒఫీలియా రెంటేరియాకు ఈ సంగతి చెబితే ఆమె తల పట్టుకుంది. ఈ ఊళ్ళో మార్వాకున్న స్నేహమల్లా ఆమె ఒక్కతే.

"పలికావా? ఓసి పిచ్చిదానా! నన్ను మా శాఖవాళ్ళు మరియా అంటారు. నేను చచ్చినా పలకను. ఆ మరియా జీతం కూడా నా ఖాతాలో వేస్తే అప్పుడు ఆలోచిస్తా."

"గురువారం అయిపోనీ. అప్పుడు సరిచేస్తాలే."

"ఇంతకీ ఎవరే ఈ డెలోరిస్? ఈ క్యాంపస్‌లో మనలాంటి వాళ్ళందరం కలిసినా ఒక బల్ల నిండదు. ఆ పేరుతో నాకెవరూ తెలీదే!"

మార్వాకూ తెలీదు. అంతవరకు ఎవరినీ అడగనే లేదు.

మర్నాటి నుంచి ఆమె గదిలో వాసన మొదలైంది. ఇనప దువ్వెన పొయ్యి మీద కాల్చి జుట్టు సాపు చేసేటప్పుడు వచ్చే వాసన... వేడి నూనె, కాస్త కమిలిన వెంట్రుక. చిన్నప్పుడు అమెరికా దక్షిణాన మెంఫిస్‌లో చర్చికి బయలుదేరే ముందు వంటింట్లో అమ్మ ఒళ్ళో కూర్చుంటే వచ్చేది. ఈ తెల్లవాళ్ళ ఊళ్ళో, మూడో అంతస్తులో, మూల గదిలో ఆ వాసన ఎందుకొస్తుంది? కిటికీ కాస్త తెరిచింది. లోపలికి చలి వచ్చింది గాని, వాసన బయటకు పోలేదు.

సోమవారం ఒక విద్యార్థిని తలుపు దగ్గర నిలబడి థాంక్స్ చెప్పింది. "శుక్రవారం చాలాసేపు ఓపిగ్గా చెప్పారు మేడమ్. ఇప్పుడు బాగా అర్థమైంది."

శుక్రవారం మార్వా పంటి డాక్టరు దగ్గర ఉంది. "నేను కాదమ్మా. ఇంకెవరినో చూసి ఉంటావు."

"మీరే కదా! ఈ గదిలోనే, ఆ కుర్చీలోనే. ఊలు కోటు తడిసిపోయి ఉంటే, తీసి ఆరేసుకోండి మేడమ్ అన్నాను కూడా. మీరు నవ్వారు."

మార్వాకు ఊలు కోటు లేదు.

ఇంకెవరికైనా అయితే ఆ మాటకే గుండె జారిపోయేది. మార్వాకు జారలేదు. ఎవరినో చూసి తననుకోవడం, తనను చూసి ఎవరో అనుకోవడం ఇక్కడ రోజూ జరిగే తంతే. దెయ్యానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని ఆమెకు తట్టలేదు.

బుధవారం భవనం గుమ్మంలో కాపలావాడు ఆమెను ఆపలేదు. ఆరేళ్ళుగా ఆమెను ఆపి గుర్తింపు కార్డు చూపించమనేవాడు అతను. వెనకే వచ్చే తెల్ల కుర్రాళ్ళను ఒక్కసారీ అడిగి ఎరగడు. ఆ రోజు మాత్రం చెయ్యి ఊపేశాడు.

"వెళ్ళండి వెళ్ళండి. ఇందాకే పైకెళ్ళారుగా, మళ్ళీ కార్డెందుకు?"

కార్డు తీయకుండా లోపలికి అడుగు పెట్టినందుకు ఒక్క క్షణం సంతోషం వేసింది మార్వాకు. ఆ సంతోషానికి తనకే సిగ్గేసింది. మెట్లెక్కి గది తాళం తీసింది. కూర్చోబోయి ఆగింది.

కుర్చీ తడిగా ఉంది.

ఆ చలికాలంలో అయిదింటికే చీకటి పడిపోతుంది. కుర్చీ తుడిచి ఆమె పేపర్లు దిద్దుతుండగా వరండాలో చేతికర్ర చప్పుడు వినిపించింది. ఎప్పుడో రిటైరైన వెండెల్ స్టౌట్, తన తపాలా పట్టుకుపోవడానికి వచ్చిన ముసలాయన. ఆమె తలుపు ముందు ఆగాడు.

"డెలోరిస్..." అన్నాడు, గుసగుసగా.

"ఆఁ," అంది మార్వా, తల ఎత్తకుండానే. ఒకసారి పోనిచ్చాక ఇక నోటికి అదే వచ్చేస్తోంది.

ముసలాయన గోడ పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళూ... పలికేదానివి కాదు. మేం అలవాటుకొద్దీ పిలిచేవాళ్ళం. ఎవరూ పలికేవారు కాదు."

మార్వా కలం కింద పెట్టింది. "నేను మార్వా టిల్మన్‌ని. డెలోరిస్ ఎవరండీ?"

ఆయన ఆమెను చూడలేదు. ఆమె వెనక, కిటికీ వైపు చూస్తున్నాడు.

"డెలోరిస్ గేన్స్. మా దగ్గర చేరిన మొదటి నల్లజాతి ప్రొఫెసరు. ఈ గదే. ఆమె ఉద్యోగం ఓటుకొస్తే వద్దన్నాం. నేనూ వద్దన్నాను, ఆమె పుస్తకం చదవకుండానే. ఆ చివరి ఏడాది క్రిస్మస్ సెలవులకు ముందు తలుపేసుకుని కూర్చుంది. గుండె ఆగిందన్నారు తర్వాత. సెలవులయ్యాయి. పాఠాలు మొదలయ్యాయి. అప్పటికీ మేమెవరం తలుపు తట్టలేదు. ఆమెకేం, నిన్న వరండాలో కనపడిందిగా, అని ఒకళ్ళన్నారు. నేనూ కనపడిందన్నాను. మేం ఎవరిని చూసి అన్నామో..."

ఆయన చేతికర్ర మీదికి వంగాడు.

"వాసన వచ్చాక తీశాం."

మార్వా వెనక్కి తిరగలేదు. ఆయన చూస్తున్న వైపు చూడాలని లేదు. ముసలాయన కర్ర చప్పుడు మెట్ల దాకా గబగబా వెళ్ళింది.

ఆ రాత్రి ఫోనులో ఒఫీలియా అరిచినంత పని చేసింది. "వదిలేసి వచ్చెయ్, మార్వా. మా ఇంటికొచ్చెయ్. వాళ్ళ ఓటూ వద్దు, వాళ్ళూ వద్దు."

"ఆరేళ్ళు చాకిరీ చేశానే. ఆ పుస్తకం మీద నా పేరుంది. వాళ్ళ నోటితో ఒక్కసారి ఔననిపించుకోవాలి. రేపొక్కరోజే కదా."

భయంగా ఉందా అని ఒఫీలియా అడిగింది. ఉండాలి కదూ, అంది మార్వా.

గురువారం కింద అంతస్తులో సమావేశం జరుగుతుంటే ఆమె తన గదిలో దీపం వేసుకుని కూర్చుంది. మంచు కిటికీ అద్దాన్ని సగం కప్పేసింది. హీటరు సన్నగా కూస్తోంది. ఔనంటారో కాదంటారో అని గుండె కొట్టుకోవాలి. కొట్టుకోలేదు. వాసన మాత్రం బాగా దగ్గరికొచ్చింది. మెడ వెనక వేడిగా ఉంది, ఎవరో దువ్వెన పట్టుకుని వంగినట్టు...

తలుపు తట్టారు. హాల్వర్సన్. మొహం వెలిగిపోతోంది.

"డెలోరిస్! అందరూ ఔనన్నారు. ఒక్కరు కూడా కాదనలేదు!"

ఆమె లేచింది. ఇక భయపడాల్సిన ఓటు లేదు. "మార్వా," అంది గట్టిగా. "నా పేరు మార్వా, గ్రెగ్."

ఆయన వినలేదు. ఆమె పక్కనుంచి నడిచి కిటికీ దగ్గరికెళ్ళాడు. చెయ్యి చాపాడు. ఆయన వేళ్ళు గాలిలో దేన్నో పట్టుకుని మూసుకున్నాయి. చెయ్యి పైకీ కిందకీ ఊగింది. చాలాసేపు ఊగింది.

"అబ్బ, చెయ్యి ఎంత చల్లగా ఉందో! పద పద, కింద కేక్ తెప్పించాం. అందరూ నీకోసమే చూస్తున్నారు."

"గ్రెగ్... నేనిక్కడ..."

పక్కనున్న ఎవరితోనో కబుర్లు చెబుతూ ఆయన గుమ్మం దాకా నడిచాడు. కార్పెట్టు మీద తడి అడుగులు ఒక్కొక్కటే పడ్డాయి. ఆయన ఆగి, తలుపు పట్టుకుని, ఆడవాళ్ళకు దారి ఇచ్చినట్టు కాస్త పక్కకు తప్పుకున్నాడు. తర్వాత ఎవరూ లేని గదిలో దీపం ఆర్పినట్టు దీపం ఆర్పేశాడు.

తలుపు మూసుకుంది.

మార్వా అరవలేదు. అరవాలనుకుంది. నోరు తెరిచిందో లేదో కూడా తెలియలేదు. కింద నుంచి చప్పట్లు వినిపించాయి, నవ్వులు వినిపించాయి. వాసన పోయింది. గదిలో చీకటి... హీటరు కూత ఆగింది... చేతులు ముందుకు చాపి తలుపు పిడి కోసం తడిమింది. గోడ తగిలింది. మళ్ళీ గోడే తగిలింది.

అప్పుడు వెనక నుంచి ఎవరో పిలిచారు.

"మార్వా."

డెలోరిస్ కింద ఉంది. కేక్ కోస్తున్నారు. మరి ఇదెవరు? డెలోరిస్ కంటే ముందు ఈ గదిలో ఎవరు ఉండిపోయారు?

మగ గొంతు. ముసలి గొంతు. దక్షిణాది యాస. తన వాళ్ళ యాస.

"మార్వా... రామ్మా. ఇటు జరుగు, చోటుంది."

ఆరేళ్ళలో ఆ భవనంలో ఆమె పేరు సరిగ్గా పలికిన మొదటి గొంతు అది.

"ఆఁ," అంది మార్వా.