గోడమీది సత్య తలలో దూది

యూనియన్ ఆఫీసు గోడమీద తన బొమ్మ చూడగానే సత్యకు ఒళ్లు మండింది. నెత్తినిండా దూది, కనురెప్పల మీద దూది, కళ్ల కింద నలుపు.

“ఏమి పెయింటరూ, వయసుపిల్లను ముసలమ్మగా చేసినావే?”

“షిఫ్ట్ ముగిసి మిల్లు గేటు దాటేటప్పుడు నిన్ను చూసినాను. చూసింది వేసినాను” అన్నాడు హరికృష్ణన్, బ్రష్ కడుక్కుంటూ.

“నా కవిత చదివినావా లేదా? దూది మల్లెపూలై జడలో రాలిందని రాసినాను. ఆ కవితకు ఈ మొగమా?”

“మల్లెపూలకి దగ్గు వస్తుందా సత్యా?”

దూది ఎగిరే చోట దాన్ని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టమని అడగడానికే ఆదివారం మీటింగు. ఆ మీటింగు కోసం రాసిన కవితలో మల్లెపూలు పెట్టింది. అందరు కవుల్లాగే ఆమె కూడా అందంగా అబద్ధమాడింది, అంతే.

“నచ్చకపోతే చెప్పు. సున్నం కొట్టేసి మా ఊరు సేత్తూరు బస్సెక్కుతాను. మళ్లీ రాను.”

“పో, ఎవరు వద్దన్నారు.”

అనేసింది గానీ అతడు పోవాలని కాదు. ఈ మనిషికి మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టే వినిపిస్తాయి కాబోలు, నిజంగానే సున్నం బకెట్ ఎత్తాడు.

అంతలో సత్యతోపాటు మిల్లులో పనిచేసే పెద్దామె చిన్నమ్మాళ్ షిఫ్ట్ దిగి వచ్చింది. గేటు దాటగానే ఆడవాళ్లు ఒకరి తలలో దూది ఒకరు ఏరుకుంటారు. అయినవాళ్ల చెయ్యి తప్ప పరాయి చెయ్యి తలమీద పడకూడదు. చిన్నమ్మాళ్ అలవాటు కొద్దీ గోడమీది సత్య తలలోంచి దూది పీకబోయింది. వేళ్లకు తడి రంగు అంటింది. నవ్వింది. ఆ నవ్వు దగ్గై ఎంతకీ ఆగలేదు.

సత్య ఆమె వీపు నిమిరింది. తర్వాత హరికృష్ణన్ చేతిలోంచి బ్రష్ లాక్కుంది. బొమ్మ కింద రాసింది:

*తలలో దూది మేమే ఏరుకుంటాం*
*ఊపిరిలో దూది ఎవరు ఏరుతారు?*

హరికృష్ణన్ రెండుసార్లు చదివాడు. “లోపలిది నా బ్రష్‌కి అందలే. నువ్వు రాసినావు.”

“సరి, బకెట్ దించు.”

“మరి బస్సు?”

“ఏ బస్సు?” సత్య వెనక్కి తిరిగి జడ పక్కకు తీసింది. “ఇక్కడ దూది ఉంది. నాకు అందదు.”

“నేను తీస్తానే పిల్లా” అంటూ చిన్నమ్మాళ్ ముందుకొచ్చింది.

“నువ్వు సుమ్మా ఉండు పెద్దమ్మా, ఊరికే ఉండు.”

హరికృష్ణన్ బకెట్ దించాడు. గోడమీద ఒక్క గీత కూడా వంకర పోనివ్వని చెయ్యి, ఆ జడలోంచి ఒక్కొక్క దూదిపోగే ఏరసాగింది.