గొట్టం అడుగున బిళ్ళ

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో మొదటి మర్యాదలన్నీ గొట్టానికే. మాస్టారు లేచీ లేవగానే, మొహమైనా కడుక్కోకుండా, దాన్ని మూలలోంచి తీసి, పసిబిడ్డకి స్నానం చేయించినంత జాగ్రత్తగా కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, వరండాలో కుర్చీకి ఆనించి ఆరబెడతారు. గాజులా మెరిసే ప్లాస్టిక్ గొట్టం అది. నిలబెడితే మనిషి నడుము దాకా వస్తుంది. అడుగున నలుపూ తెలుపూ రంగులు వేసిన ఒక బిళ్ళ ఉంటుంది. గొట్టం నిండా ఏటి నీళ్ళు పోసి పైనుంచి లోపలికి చూడాలి. బిళ్ళ కనబడితే నీళ్ళు తేటగా ఉన్నట్టు. కనబడకపోతే, కింద ఉన్న చిన్న కుళాయి తిప్పి, కనబడేదాకా కొద్దికొద్దిగా నీళ్ళు వదలాలి. ఎంత ఎక్కువ వదలాల్సివస్తే ఏరు అంత పాడైనట్టు లెక్క.

వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడ ఈ సేవంతా చూస్తోంది. చూస్తోందంటే చూస్తోంది అంతే. గొట్టం ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలైందో ఆవిడకి సరిగ్గా తెలియడం లేదు.

"టీ చల్లారిపోతోందండీ."

"ఊఁ."

ఈ 'ఊఁ' గురించి చెప్పుకోవాలి. మాస్టారు బళ్ళో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక అందరూ పేపరు చదువుకుంటూ కూర్చుంటే, ఈయన చెత్తతో పూడుకుపోయిన ఏట్లో మోకాళ్ళ లోతున దిగారు. మొదట్లో నవ్విన వాళ్ళే తర్వాత పారలు పట్టుకుని వెనకాల నడిచారు. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే సగం వీధి ఏటి గట్టు మీదే. బళ్ళనుంచి పిల్లలొస్తారు. ఏట్లోకి చేపలు తిరిగొచ్చాయి. ఆవిడకి అదంతా గర్వమే, లేదనడానికి లేదు. కానీ ఊళ్ళో అందరితో మాట్లాడీ మాట్లాడీ, ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు నిండుకునేవి. ఆవిడకి మిగిలేది అడుగు బొడుగు 'ఊఁ' ఒక్కటే. పిల్లలు లేని ఇల్లు. ఆ ఒక్క ధ్వని తప్ప ఆవిడకి రోజంతా తోడు కుట్టు మిషను చప్పుడే.

ఇప్పుడా చప్పుడు కూడా లేదు. బడి యూనిఫారాలనుంచి కిటికీ తెరలదాకా వీధి వీధంతా కుట్టిపెట్టిన టైలరమ్మ, మిషను మీద మూత వేసి కొన్ని నెలలైంది. సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. తర్వాత అంచులు వంకర పోవడం మొదలైంది. ఎవరైనా బట్టలు తెస్తే, "మిషను రిపేరుకొచ్చిందమ్మా" అని తిప్పి పంపేస్తోంది.

మాస్టారికి చెప్పలేదా అంటే, చెప్పింది. ఒక ఉదయం ఆయన పిల్లల కోసం అట్ట మీద బొమ్మ వేసుకుంటుంటే పక్కన నిలబడి, "ఈ మధ్య కళ్ళు బాగా మసకేస్తున్నాయండీ, ఏమీ ఆనడం లేదు" అంది. ఆయన "ఊఁ" అన్నారు. కాసేపాగి తల ఎత్తకుండానే, "ఈ చేప ఎలా వచ్చింది?" అని అడిగారు. "చాలా బాగుంది" అంది ఆవిడ. ఆవిడకి అట్టే సరిగ్గా కనబడలేదు, ఇంక చేప కూడానా! ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒకసారి అన్న మాట వినని మనిషికి రెండోసారి చెప్పుకోవడమంటే అడుక్కోవడంలా అనిపించింది.

ఆ ఆదివారం మాత్రం ఒక వింత జరిగింది. ఫోనులో మాట్లాడి వచ్చిన మాస్టారు వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

"ఇదిగో, నువ్వొకసారి ఏటి దగ్గరికి రాగలవా?"

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "నేనా?"

"మందుల షాపావిడకి జ్వరమట. గొట్టంలోకి చూసే మనిషి లేదు. నేను చూడకూడదు కదా."

అది ఆయన పెట్టుకున్న నియమం. ఏటి మీద అంత ప్రేమున్న వాడి కళ్ళకి నీళ్ళెప్పుడూ తేటగానే కనబడతాయి, కాబట్టి తను గొట్టం పట్టుకుని కుళాయి తిప్పాలేగానీ లోపలికి తొంగి చూడకూడదు. చూసేది ఇంకొకరు. వాళ్ళు ఒక్కసారి చెప్పిందే ఆ వారానికి ఖాయం.

కళ్ళ సంగతి చెప్పి రానని ఉండాల్సింది. కానీ ఆయన తనంతట తాను వచ్చి పిలిచి ఎన్నాళ్ళయింది! "ఒక్క నిమిషం" అని లోపలికి పరుగెత్తి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని వచ్చేసింది.

గట్టు మీద మాస్టారు వేరే మనిషి. ఏట్లోంచి ఒక రాయి తీసి తిరగేసి, దాని అడుగున పాకుతున్న చిన్న చిన్న పురుగుల్ని పిల్లలకి చూపించారు. "వీళ్ళు ఉన్నారంటే నీళ్ళు బాగున్నట్టే. చూశారుగా? ఇప్పుడు రాయి ఎక్కడిదక్కడ, ఎటు పక్కది అటే పెట్టెయ్యాలి. మన ఇంటి పైకప్పు ఎవడో పీకి, చూసి, విసిరేసి పోతే మనకెలా ఉంటుంది?" పిల్లలు గొల్లున నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే, ఈయన ఇన్ని మాటలు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారా అనుకుంది.

గొట్టం నిండింది. "ఊఁ, చూడు. కనబడుతోందా?"

ఆవిడ వంగి చూసింది. లోపలంతా పాలు కలిపినట్టు తెల్లటి మసక.

"లేదండీ."

ఆయన కుళాయి తిప్పారు. "ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు? సరిగ్గా చూడు."

"ఊహూఁ."

నీళ్ళు ముప్పాతిక వంతు పోయాక గానీ ఆవిడకి నల్లటి నీడలాంటిది కనబడలేదు. తల ఎత్తేసరికి మాస్టారి మొహం పాలిపోయింది. నీళ్ళా, నా కళ్ళా? ఆ అనుమానం ఆవిడకి అక్కడే వచ్చింది. నోరు తెరిచేలోగా ఆయన, "అందరూ బయటికి రండి! ఎవరూ నీళ్ళు ముట్టుకోవద్దు!" అని కేకేసి పిల్లల్ని ఇళ్ళకి తోలేశారు. వంతెన దగ్గర నల్లబల్ల మీద ఆ వారం ఫలితం రాశారు. "పైకి తేటగానే కనబడతాయి. ఎగువన ఎవరో సబ్బు నీళ్ళు వదిలుంటారు, అవి కంటిని మోసం చేస్తాయి. గొట్టం ఒక్కటే అబద్ధం చెప్పదు" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. మాట్లాడారు.

"మొదట ఎలా ఉంది? తెల్లగానా, పచ్చగానా?"

"తెల్లగా."

"మధ్యలో ఏమైనా తేటపడిందా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. నువ్వే సాక్షివి ఇప్పుడు."

ఆవిడ చెబుతుంటే ఆయన ముందుకు వంగి విన్నారు. మాట పూర్తయ్యేదాకా ఆగారు. రెండో కప్పు టీ తనే కలిపి తెచ్చారు కూడా. ఎన్నో ఏళ్ళుగా మూసున్న కిటికీ తెరిచినట్టయింది ఆవిడకి. నిజం చెప్పాలని రెండుసార్లు అనుకుంది. చెప్పిన మరుక్షణం ఈ మనిషి లేచి వెళ్ళిపోతాడు, మళ్ళీ ఆ 'ఊఁ' మిగులుతుంది. ఇంకొక్క అరగంట, ఇంకొక్క అరగంట అనుకుంటూ కూర్చుంది. పిచ్చిది, అంత ఆశ పడింది.

అప్పుడు ఆయన అన్నారు, "మీ తమ్ముడే."

"ఏమిటీ?"

"ఎగువన కొత్తగా వచ్చింది వాడి లాండ్రీ ఒక్కటే కదా. హోటళ్ళ దుప్పట్లన్నీ అక్కడే ఉతుకుతున్నారు. నీళ్ళు తేరుకోవడానికి తొట్లు కట్టమని నేనే గీసిచ్చాను. కట్టాడు. కట్టి, పని తొందరలో తిన్నగా ఏట్లోకే వదిలేస్తున్నట్టున్నాడు. మున్సిపాలిటీ ఆఫీసరుకి ఫోను చేశాను. రేపు పొద్దున వచ్చి కాలువ మూసేస్తారట."

తల్లి పోయాక ఆవిడ చంకనేసుకుని పెంచిన తమ్ముడు వాడు. కాలువ మూస్తే లాండ్రీ మూతపడినట్టే. "వాడలాంటి వాడు కాదండీ..." అని నసిగింది.

"నాకు మాత్రం సరదానా? కానీ చూసింది నువ్వే కదా!"

ఆవిడ టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా తమ్ముడు వచ్చాడు. చెప్పులు గుమ్మం ముందు విడిచే ఓపిక కూడా లేనట్టు తిన్నగా లోపలికొచ్చి, చేతిలో ఉన్న నీళ్ళ క్యాను ధన్‌మని గదిలో దించాడు.

"నల్లబల్ల చూశాను బావగారూ. ఆఫీసరు కబురూ అందింది. ఊరంతా నన్నే చూస్తోంది. నాకొక్క మాట చెప్పకుండా ఆఫీసరుకి ఫోను చేస్తారా?"

"ఏటి దగ్గర నాకు బంధువులు లేరు."

"ఇంట్లో ఉన్నారా?" అన్నాడు తమ్ముడు. ఆ మాటకి మాస్టారు ఉలిక్కిపడ్డారు. తమ్ముడు ఆగలేదు. "ఇవిగో, మా కాలువ కలిసే చోట ముంచుకొచ్చిన నీళ్ళు. పొయ్యండి మీ గొట్టంలో. చూడండి."

"నేను చూడకూడదు. నియమం."

"అయితే నేను చూస్తాను."

"నీ మీదే కదా అనుమానం! నువ్వెలా చూస్తావ్?"

"సరే. అక్క చూస్తుంది. పొద్దున అక్క చూసిందే కదా మీకు వేదం. అక్కా, రా."

ఆయన గొట్టం పట్టుకున్నారు. తమ్ముడు నీళ్ళు పోశాడు. కిటికీ దగ్గర ఇంకా బోలెడంత వెలుతురుంది. ఆవిడ వంగింది. అదే మసక. కనబడుతోందని ఒక్క మాట అంటే తమ్ముడు గట్టెక్కుతాడు, సంగతి అక్కడితో పోతుంది. కానీ పొద్దున నిజం దాచినందుకు ఎంతైందో చూసింది. ఆ గొట్టంలోకి చూసి ఇప్పుడు అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"నాకు కనబడదురా" అంది.

"అక్కా!"

"నీళ్ళు కాదు. నా కళ్ళు. నాకు మీ ఇద్దరి మొహాలే సరిగ్గా కనబడడం లేదు." ఆవిడ గొట్టం మీంచి తల ఎత్తింది. "పొద్దుననే తెలుసు నాకు. చెబుదామనుకున్నాను. ఈయన... ఈయన మాట్లాడారురా నాతో. మధ్యాహ్నమంతా మాట్లాడారు. పాడు బుద్ధి, అది పోగొట్టుకోలేకపోయాను. నీ కడుపు కొట్టబోయాను. నన్ను క్షమించరా."

మాస్టారు నియమం మరిచిపోయి గొట్టంలోకి వంగి చూశారు. అడుగున బిళ్ళ, నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా, నిక్కచ్చిగా కనబడుతోంది. ఆయన తల ఎత్తి భార్య వైపు చూశారు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో గుర్తుందా మీకు?"

ఆయన మిషను వైపు తిరిగారు. మూత మీద దుమ్ము పేరుకుంది. ప్రతి ఆదివారం దాని పక్కనుంచే గొట్టం తీసుకుని వెళ్ళారు.

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్పాను. మీరు చేప బొమ్మ వేసుకుంటున్నారు."

మాస్టారు వంగి, కుళాయి కొంచెం తిప్పారు. నీళ్ళు నేల మీదే పారాయి. "చూడు. ఇప్పుడు?"

"ఎందుకండీ ఇప్పుడు..."

"చూడు."

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

అడిగిన ప్రతిసారీ ఆయన గొంతు కిందికి దిగిపోతోంది. గొట్టం దాదాపు ఖాళీ అయ్యాక ఆవిడ, "ఆఁ, ఏదో నల్లగా" అంది. అప్పుడాయన ఆ తడి నేల మీదే కూలబడ్డారు. పెద్దవాడు, ఊరు ఊరంతా మాస్టారూ అని చేతులెత్తే మనిషి, బావమరిది ముందు వెక్కి వెక్కి ఏడ్చారు.

"వారం వారం నీళ్ళలో మసక చూస్తూ కూర్చున్నానే. ఇంట్లో ఇంత చీకటి పడుతుంటే..."

తమ్ముడి కోపం ఎక్కడికి పోయిందో పోయింది. "లేవండి బావగారూ. శుక్లాలే అయ్యుంటాయి. మేం దుప్పట్లు ఉతికిచ్చే ఆసుపత్రిలో కళ్ళ డాక్టరున్నారు. రేపే చూపిద్దాం."

"ముందు నీకు చెయ్యాల్సింది చెయ్యనీ" అని మాస్టారు లేచారు. ఆఫీసరుకి ఫోను చేసి, "తప్పు నాది, లాండ్రీది కాదు" అని బావమరిది వినేలా రెండుసార్లు చెప్పారు. తర్వాత ఇద్దరూ వంతెన దాకా వెళ్ళారు. ఆయన నల్లబల్లని తన చేత్తోనే చెరిపి, 'ఏరు బాగానే ఉంది. చూపించిన వాడిదే పొరపాటు' అని రాశారు. అటుగా పోయేవాళ్ళు ఆగి చదువుతుంటే తల వంచుకునే నిలబడ్డారు.

తిరిగొచ్చేసరికి ఆవిడ నేల తుడిచి, గొట్టం ఎక్కడిదక్కడ పెట్టేసి, మిషను పక్కన కూర్చుని ఉంది. మాస్టారు మిషను మూత తీశారు. దుమ్ము తుడిచారు. సూదిలోకి దారం ఎక్కించబోయి, తప్పి, మళ్ళీ ప్రయత్నించి, మొత్తానికి ఎక్కించారు. తర్వాత కుర్చీ లాక్కుని ఆవిడ మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

"ఆ రోజు నేను వినని మాట మళ్ళీ చెప్పు."

"ఇప్పుడేముందండీ చెప్పడానికి?"

"మొదటినుంచి చెప్పు."

ఆవిడ సూదిలోని దారాన్ని వేళ్ళతో తడిమింది. "మొదట సూదిలోకి దారం ఎక్కలేదండీ" అంది మెల్లగా. "దారంలోనే లోపమనుకున్నాను."

అలవాటు చొప్పున ఆయన నోట్లోకి 'ఊఁ' వచ్చింది. పెదాల దాకా వచ్చినదాన్ని ఆపుకున్నారు. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"ఆ తర్వాత?" అన్నారు.