ఆరో హింజ్ పక్కన టిక్కు

"అమ్మా రెబెక్కా, జిగురు కలిపేశాను. ఐదారు నిమిషాల్లో రాయైపోతుంది. త్వరగా కానివ్వు" అన్నాడు యజ్ఞనారాయణ తాత.

మేడ్చల్‌లో ఆయన ఇంటి కారు షెడ్డులో కారు ఉండదు, అది వీధిలో ఉంటుంది. బల్ల మీద బొమ్మ విమానం ఉంటుంది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు ఎనిమిది అడుగులు. పెట్రోలు ఇంజనుతో నిజంగా ఎగిరే బొమ్మ. కరెంటు ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచి, రెండేళ్లుగా, తాత దాన్ని కడుతున్నాడు.

వెనక వీధిలో ఉండే రెబెక్కా, తాత మనవరాలు ధరణి ఆరో తరగతి చదువుతున్నారు. బడి అయ్యాక ఇద్దరూ ఈ షెడ్డులోనే ఉంటారు.

రెక్క వెనక అంచున ఒక పొడుగాటి పలక ఉంది. అది పైకీ కిందికీ కదిలితేనే విమానం పక్కకు తిరుగుతుంది. ఆ పలకను రెక్కకు కలిపేవి ఆరు హింజ్‌లు.

"చిన్న విమానానికైతే పల్చటి ప్లాస్టిక్ రేకులు సరిపోతాయి. ఇంత పెద్దదాన్ని గాలి ఊరికే వదలదు" అని తాత లావువి తెప్పించాడు. ఒక్కొక్కటి వేలంత పొడుగు. మధ్యలో వేలి కణుపులాగా మడత. రెండు వైపులా ముళ్లున్న పుల్లలు. ఒక పుల్ల రెక్క రంధ్రంలోకి పోతుంది, రెండోది పలక రంధ్రంలోకి.

"మడతకు మాత్రమే వాజిలిన్ రాయి. లేకపోతే జిగురు పట్టేసి అది కదలదు. పుల్లకు మాత్రం తగలనీయకు. తగిలితే జిగురు అంటదు. నీ వేళ్లు సన్నం కదా, నువ్వే చెయ్యాలి."

అంతలో ఫోన్ మోగింది. తాత లోపలికి వెళ్లాడు.

ఐదు హింజ్‌లు అయ్యాయి. ఆరోదానికి వాజిలిన్ లేదు. రెబెక్కా డబ్బా మూల మూలా గీకింది. జిగురు చిక్కబడుతోంది.

షెడ్డు పక్కనున్న ఇంటి కిటికీలో ధరణి వాళ్ల నానమ్మ కామేశ్వరమ్మ కొబ్బరినూనె సీసా కనిపించింది. వాజిలిన్ జారుతుంది, ఇదీ జారుతుంది. రెబెక్కా ఒక చుక్క వేయబోయింది. రెండు పడ్డాయి. నూనె మడత దాటి పుల్ల మీదికి పాకింది. గౌనుతో గబగబా తుడిచి, జిగురు పెట్టి దూర్చేసింది.

తాత వచ్చి చూశాడు. "శభాష్!"

రెబెక్కా నూనె సీసాను బల్ల కిందికి తోసింది.

తాతకు ఒక పద్ధతి ఉంది. మర్నాడు జిగురు ఆరాక, పలకను ఒక్కో హింజ్ దగ్గర పట్టుకుని గట్టిగా లాగాలి. కదలకపోతే పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. టిక్కు ఉంటే ఆయన మళ్లీ చూడడు.

శనివారం రెబెక్కా ఐదింటిని లాగింది. ఐదు టిక్కులు పెట్టింది. ఆరోదాని మీద చెయ్యి వేసింది. లాగితే ఊడొస్తుందేమో. ఊడొస్తే తాతకు తెలుస్తుంది. ఇక షెడ్డులోకి రానివ్వడేమో.

లాగలేదు. టిక్కు మాత్రం పెట్టింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటున్నారు. రెబెక్కా వాళ్ల నాయిన ప్రభుదాసు వడ్రంగి. కొత్త అపార్ట్‌మెంట్లలో తలుపులు బిగిస్తాడు.

"నిన్న నేను తలుపు వట్టుకొని ఊగుతుంటే ఓనర్ ఒకటే నవ్వుడు" అన్నాడు.

"ఊగుడెందుకు నాయినా?"

"కబ్జాలు బిగించినంక నేను గట్లనే ఊగుత. ఊడేదుంటే నా మీదనే ఊడాలె. ఆళ్ల పోరగాండ్ల మీద ఊడితే ఎట్ల?"

హింజ్‌నే నాయిన కబ్జా అంటాడు. రెబెక్కా చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టేసింది.

సాయంత్రం విమానాన్ని మొదటిసారి ఎగరేయడానికి శామీర్‌పేట దాటాక ఉన్న బీడు నేలకు అందరూ వెళ్లారు. తాత కొత్త టోపీ పెట్టుకున్నాడు. కామేశ్వరమ్మ పులిహోర తెచ్చింది. కాలనీ పిల్లలు అటూ ఇటూ పరిగెడుతున్నారు.

ధరణి ముక్కు మూసుకుంది. "ఛీ, జవహర్‌నగర్ చెత్తకుప్ప వాసన!"

"మంచిదే. గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పేసింది" అని తాత విమానాన్ని అటు తిప్పాడు. రెక్క వైపు వంగి టిక్కులు లెక్కపెట్టాడు. "నాలుగు, ఐదు, ఆరు. సరే!" ఇంజను దగ్గరికి నడిచాడు.

విమానం ముందు నుంచి ఒక చిన్న పిల్లాడు బంతి కోసం ఉరికాడు.

"తాతా, ఆగుండ్రి!" అని రెబెక్కా అరిచింది.

తాత తిరిగి చూశాడు.

"ఆరోది లాగలే. ఉత్తగనే టిక్కు వెట్టిన."

అందరూ రెబెక్కా వైపు చూశారు. తాత ఇంజను దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. "అయితే ఇప్పుడు లాగు" అన్నాడు.

ఆమె లాగింది. టక్‌మంది. పలక చివర రెక్కను వదిలేసింది. సందులో పుల్ల మెరుస్తోంది. తాత దాన్ని వేలితో తాకి వాసన చూశాడు.

"కొబ్బరినూనె."

"అదా సంగతి! నా సీసా షెడ్డులో ఎందుకు దొరికిందా అనుకున్నా" అంది కామేశ్వరమ్మ.

ఎవరో నవ్వారు. తాత నవ్వలేదు. టోపీ తీసి కారులో పెట్టాడు. "పులిహోర తిని వెళ్దాం" అన్నాడు.

సోమవారం రెబెక్కా షెడ్డుకు వెళ్లలేదు. మంగళవారమూ వెళ్లలేదు. బుధవారం ధరణి వచ్చింది.

"తాత రమ్మంటున్నాడు. కొత్త హింజ్‌లు వచ్చాయి."

"హింజ్‌లా? ఊడింది ఒక్కటే గదా."

"పలక విడదీయాలంటే మిగతా ఐదూ కోసేయాల్సి వచ్చింది."

"మంచియి గూడనా?"

"మంచివి కూడా. కొత్తవి నేను పెడతానన్నా. ‘నీ వేళ్లు లావు, దాన్ని పిలుచుకురా’ అన్నాడు తాత."

బల్ల మీది రెక్కకు పాత రంధ్రాల పక్కన కొత్త రంధ్రాలు ఉన్నాయి. తాత జిగురు సీసాలు దగ్గర పెట్టుకున్నాడు. వాజిలిన్ కొత్త డబ్బా ఆమె ముందుకు జరిపాడు. రెబెక్కా డబ్బా తెరిచి, నిండుగా ఉందని చూసుకుని, "ఇప్పుడు కలుపుండ్రి తాతా" అంది.

మర్నాడు రెబెక్కా రబ్బరు తెచ్చుకుంది. పాత టిక్కులు ఆరూ చెరిపేసింది. నాయినలాగే పెన్సిల్‌ను చెవి మీద పెట్టుకుంది. ఒకటి లాగింది, టిక్కు పెట్టింది. రెండు. మూడు. నాలుగు. ఐదు.

"ఐదూ గట్టిగానే ఉన్నాయిగా. ఆరోదీ అంతే! పెట్టేయవే, సమోసాలు చల్లారిపోతున్నాయి" అంది ధరణి.

"సల్లారనియ్."

రెబెక్కా కాళ్లు నేలకు తన్నిపెట్టి ఆరో హింజ్ దగ్గర లాగింది. పలక రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. రెక్కకు రెక్కే బల్ల మీద ఆమె వైపు జరిగి వచ్చింది.

అప్పుడు చెవి మీది పెన్సిల్ తీసింది.